విడి యంత్రాలు, ఉమ్మడి లెడ్జర్: పద్దుల పుస్తకం ఎవరి చేతిలో?

చండీగఢ్, పంచకుల వంటి నగరాల్లో సఫాయి కార్మికుల చేతికి జీపీఎస్ వాచీలు కట్టించారు. ఇది తమపై నిఘా అంటూ కార్మికులు నిరసన తెలిపారు. నగరపాలనలో ఇలాంటి పరికరాలు ఇంకా చాలా ఉంటాయి. చెత్త బండికి జీపీఎస్ ఉంటుంది, హాజరుకు వేలిముద్ర యంత్రం ఉంటుంది. నెట్ ద్వారా తమంతట తాము సమాచారం పంపే ఈ పరికరాల అల్లికనే ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్, పొట్టిగా ఐఓటీ అంటారు. వీటిని చాలాసార్లు వేర్వేరు కంపెనీలు నడుపుతాయి, డేటా వేర్వేరు సర్వర్లలో ఉంటుంది. ఇవన్నీ ఒకదానితో ఒకటి కలిస్తే ఏమవుతుంది?

కలపడానికి రెండు చిక్కులున్నాయి. మొదటిది భాష. ఒక యంత్రం పంపే తీరు మరొకదానికి అర్థం కాదు. మధ్యలో గేట్‌వే అనే చిన్న కంప్యూటర్ పెట్టి ఆ తేడాను సరిచేస్తారు. రెండోది నమ్మకం. నీ సర్వర్‌లో ఉన్న లెక్కను నేనెందుకు ఒప్పుకోవాలి? డిస్ట్రిబ్యూటెడ్ లెడ్జర్ పనికొచ్చేది ఈ రెండో చిక్కుకే.

ఊళ్లో అప్పుల పుస్తకం షావుకారు దగ్గర ఒక్కటే ఉంటే, ఆయన రాసిందే లెక్క. అదే పుస్తకం నకలు అందరి దగ్గరా ఉండి, ముందే ఒప్పుకున్న నియమం ప్రకారమే కొత్త పద్దు ఎక్కించాల్సి వస్తే? లెడ్జర్ సూత్రం అదే. ప్రతి కొత్త పద్దుల కట్టలో వెనకటి కట్ట తాలూకు హాష్ ఉంటుంది. హాష్ అంటే డేటా వేలిముద్ర లాంటిది. పాత అంకె ఒక్కటి మార్చినా ముద్ర కలవదు, దొరికిపోతారు. సెన్సర్ పంపే ప్రతి అంకెనూ లెడ్జర్ మోయలేదు. అందుకే సాధారణంగా అసలు డేటాను బయట దాచి, దాని హాష్‌ను మాత్రం అందులో రాస్తారు.

సముద్ర రవాణాలో దీన్ని పెద్ద ఎత్తున ప్రయత్నించారు. 2018లో మెర్స్క్, ఐబీఎం కలిసి ట్రేడ్‌లెన్స్ మొదలుపెట్టాయి. ఓడల కంపెనీలు, రేవులు, కస్టమ్స్ కార్యాలయాల సమాచారాన్ని, కంటైనర్లలోని సెన్సర్ డేటాను ఒకే లెడ్జర్ ఆధారంగా పంచుకోవాలన్నది ఆలోచన. మరుసటి ఏడాది పోటీ కంపెనీలు కొన్ని చేరాయి కూడా. కానీ 2022 నవంబరులో మూసివేత ప్రకటించారు. పరిశ్రమ మొత్తం సహకరించలేదన్నది వాళ్లు చెప్పిన కారణం. పోటీదారు కట్టిన ఇంట్లో తమ లెక్కలు పెట్టడానికి మిగతావాళ్లు మొదటి నుంచీ వెనకాడారు. సాంకేతికత నకళ్లు పంచగలదు, పెత్తనాన్ని పంచలేదు.

సఫాయి కార్మికుడి విషయంలోనూ ఇంతే. లెడ్జర్ రాసినదాన్ని కాపాడుతుంది, రాసింది నిజమో కాదో చూడదు. సిగ్నల్ అందక వాచీ ‘పనిలో లేడు’ అని పంపితే అదే పద్దుకెక్కుతుంది. షరతు కుదరగానే తనంతట తానే నడిచే స్మార్ట్ కాంట్రాక్టును దానికి ముడిపెడితే, ఎవరినీ అడగకుండానే కూలి కోత పడుతుంది. తర్వాత సవరణ పద్దు చేర్చవచ్చు, పాతది మాత్రం పోదు. మరోవైపు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం డేటాను సరిదిద్దించే, తొలగింపజేసే హక్కుల గురించి మాట్లాడుతోంది. కాబట్టి మనిషి వివరాలను నేరుగా లెడ్జర్‌లో రాయకూడదు.

అదే లెడ్జర్ కార్మికుడి పక్షాన సాక్ష్యమూ చెప్పగలదు. మ్యాన్‌హోల్ దగ్గర గ్యాస్ సెన్సర్ చూపిన అంకె వెంటనే పద్దుకెక్కితే, ప్రాణం పోయాక కాంట్రాక్టరు దాన్ని గుట్టుగా మార్చలేడు.

అందుకే మీ ఊరికి ఇలాంటి పథకం వచ్చినప్పుడు యంత్రం ఎంత గొప్పదని అడగకండి. రాసే అధికారం ఎవరిది? తప్పు పడితే ఎవరికి చెప్పుకోవాలి? కార్మిక సంఘం దగ్గర ఒక నకలు ఉంటుందా? మూడో ప్రశ్నకు ‘లేదు’ అనే జవాబు వస్తే, అది కొత్త అట్ట వేసిన షావుకారు పుస్తకమే.