కూర్చుని సంపాదించే కాలం

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని సామెత. సోమరుల కోసం పుట్టిన మాట అది. ఇప్పుడు మనం కూర్చుని తినడం లేదు, కూర్చునే సంపాదిస్తున్నాం. బ్యాంకు, కాల్ సెంటరు, ఆడిటర్ ఆఫీసు, ప్రూఫులు దిద్దే పని... రేపు మనకి దొరికే ఉద్యోగాల్లో టీచరు పని తప్పిస్తే దాదాపు అన్నీ కుర్చీ పనులే. కొండలు కరగడం మాట అటుంచి, నడుము చుట్టూ కొత్తవి లేస్తున్నాయి.

కూర్చుని చేసే పనికీ రోగానికీ సంబంధం ఉందని కంప్యూటర్లు వచ్చాక తెలిసింది కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లోనే పనివాళ్ళ రోగాల మీద పుస్తకం రాస్తూ దర్జీల్లాంటి కూర్చుని పనిచేసేవాళ్ళ గురించి విడిగా రాశాడు. కనీసం సెలవు రోజుల్లోనైనా ఒళ్ళు కదిలించమన్నాడు. లెక్కలతో చూపించింది మాత్రం జెరీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు, 1953లో. ఆయన లండన్ రెండంతస్తుల బస్సుల్ని తీసుకున్నాడు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు టికెట్లు ఇస్తూ రోజుకి వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఇద్దరిదీ ఒకే బస్సు. గుండెజబ్బు మాత్రం డ్రైవర్లకే ఎక్కువ. తర్వాత యూనిఫాం ప్యాంట్ల కొలతలు తీసి చూస్తే, ఉద్యోగంలో చేరేనాటికే డ్రైవర్ల నడుములు కాస్త పెద్దవని తేలింది. కాబట్టి తప్పంతా కుర్చీదే అనలేం. అయినా తర్వాత వచ్చిన పరిశోధనలు కుర్చీని వదిలిపెట్టలేదు. మన చెన్నై బస్సుల్లో అయితే కండక్టరు కూడా సీట్లోనే కూర్చుంటారు, డబ్బులూ టికెట్టూ మన చేతుల మీదుగా వెళ్ళి వస్తాయి. మోరిస్ ఇక్కడ పుట్టి ఉంటే పోల్చి చూడ్డానికి ఎవరూ దొరికేవారు కాదు!

ఇంతకీ కూర్చుంటే ఒంట్లో ఏమవుతుంది? తొడల కండరాలు ఒంట్లో అన్నిటికంటే పెద్దవాటిలో ఉంటాయి. కదులుతున్నప్పుడు అవి రక్తంలోని చక్కెరని లాక్కుని ఖర్చుపెడతాయి. కూర్చోగానే ఆ పని బాగా తగ్గిపోతుంది. అందుకే అన్నం తిని కుర్చీలో కూలబడితే చక్కెర ఎక్కువ పెరుగుతుంది, కాసేపు నడిస్తే తక్కువ పెరుగుతుంది. పిక్కలకి ఇంకో పని కూడా ఉంది. కాళ్ళలోకి దిగిన రక్తాన్ని పిండి, పైకి గుండె వైపు పంపుతాయి. కదలకపోతే రక్తం కిందే నిలుస్తుంది. సాయంత్రం చెప్పులు విప్పితే పట్టీల అచ్చు పాదం మీద ఉంటుందే, అది ఇందువల్లే.

మా అమ్మ పదకొండేళ్ళుగా ఒక ఆడిటర్ ఆఫీసులో కంప్యూటరు ముందు పని చేస్తోంది. పోయిన ఏడాది రక్తపరీక్షలో చక్కెర 'బోర్డర్' అని వచ్చింది. డాక్టరు రోజూ వాకింగ్ చేయమన్నారు. (నాన్నది తెలుగు, అమ్మది తమిళం. ఈ మాట మాత్రం మా ఇంట్లో రెండు భాషల్లోనూ వాకింగే.) పొద్దున అయిదింటికి లేచి వంట, ఎనిమిదింటి లోకల్ రైలు, ఇల్లు చేరేసరికి రాత్రి ఏడున్నర. "పొద్దస్తమానం పనే కదా చేస్తున్నా, ఇంకెక్కడ నడవను?" అంటుంది. అందులో సగం నిజం ఉంది. ఇంటిపని కూడా కదలికే. మరి మధ్యలో ఉన్న ఎనిమిది గంటల సంగతేంటి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల ప్రకారం పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఊపిరి కాస్త వేగం అయ్యేలా కదలాలి. అంతకుముందు, 2010 సూచనల్లో, ఒక్కో విడత కనీసం పది నిమిషాలు చేస్తేనే లెక్కలోకి వచ్చేది. 2020లో ఆ షరతు తీసేశారు. అమ్మలాంటి వాళ్ళకి ఇదే అసలైన శుభవార్త అని నాకనిపిస్తుంది. స్టేషను మెట్లు గబగబా ఎక్కిన రెండు నిమిషాలూ లెక్కే. రోజుకి పదివేల అడుగులు అన్న మాటకి బెదిరిపోనక్కర్లేదు. అది 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరానికి పెట్టిన పేరులోంచి వచ్చింది, డాక్టరు చీటీలోంచి కాదు.

వారానికి రెండు రోజులు కండరాలకి బలమిచ్చే పని కూడా చేయాలంటారు. దానికి జిమ్ముకి డబ్బు కట్టాల్సిన పని లేదు. నాన్న గుంజీలు అంటారు, అమ్మ తోప్పుకరణం అంటుంది. వీధి చివర పిళ్ళైయార్ గుడి ముందు చెవులు పట్టుకుని తీసేవే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చున్నా చాలు. గోడకి రెండు చేతులూ ఆనించి, ముందుకి వంగి, వెనక్కి నెట్టడం భుజాలకి మంచిది. ఈ గోడకి మాత్రం వద్దు, పత్రిక చిరుగుతుంది. ఎలాగూ దీన్ని నిలబడే చదువుతున్నారు కాబట్టి మీకు కొంత పని అయిపోయినట్టే.

నా మట్టుకు వీటన్నిటికంటే ముందు కావాల్సింది అరగంటకోసారి లేవడం. ఫోనొస్తే నిలబడి మాట్లాడొచ్చు. పెద్ద సీసా బదులు చిన్న గ్లాసు పెట్టుకుంటే నీళ్ళ కోసమైనా లేస్తాం. చెప్పడం తేలికే. అమ్మ ఆఫీసులో నీళ్ళే సరిగా తాగదు. తాగితే బాత్రూముకి వెళ్ళాలి, అది కింది అంతస్తులో ఉంది, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంటుంది. రెండుసార్లు లేస్తే "ఏంటమ్మా, సీట్లోనే ఉండవు?" అనేవాళ్ళుంటారు. అలాంటి చోట ఆరోగ్యం మీ చేతుల్లోనే ఉంది అని పోస్టరు అంటిస్తే ఏం లాభం?

తమిళనాడులో 2021లో దుకాణాల చట్టాన్ని సవరించి, పనివాళ్ళు కూర్చోడానికి సీట్లు ఉండి తీరాలన్నారు. బట్టల షాపుల్లో, నగల షాపుల్లో రోజంతా నిలబడే అమ్మాయిలకి కూర్చునే హక్కు అలా చట్టంలోకి ఎక్కింది. రోజంతా కూర్చునేవాళ్ళకి లేచే హక్కు గురించి మాత్రం ఇంకా ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు.

అమ్మ ఇప్పుడు మధ్యాహ్నం డబ్బా తినేశాక వరండాలో పది నిమిషాలు నడుస్తోంది, ఇంకో ఇద్దరు కూడా కలిశారట. తన బల్ల పక్కనున్న ప్రింటరుని గది అవతలి మూలకి మార్చమని కూడా అడిగింది. చూద్దాం అన్నారట.