వేలి మాట వినే గ్రాఫు

మైపాడు దగ్గర మా బాబాయికి రొయ్యల చెరువులున్నాయి. నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని అక్కడ అందరూ డీవో అంటారు. లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి వస్తే వనామీ రొయ్యకి ఇబ్బందే. రాత్రంతా రొయ్యా, ప్లాంక్టనూ పీల్చుకోవడమే గానీ, ఎండ లేక కొత్త ఆక్సిజన్ తయారవదు. అందుకే తెల్లవారుజామున డీవో బాగా పడిపోతుంది.

మీటరు అంకెల్ని నేను పైథాన్‌లో, మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో గ్రాఫుగా గీస్తాను. "గట్టు మీదికి ల్యాప్‌టాప్ ఎక్కడ తెచ్చేది అబ్బయ్యా? నా ట్యాబ్‌లో వేలితో జరుపుకునేట్టు చెయ్యి" అన్నాడు బాబాయి. ఆ ట్యాబ్‌లో విండోలు తెరిచే టూల్‌కిట్ మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఎరగనిది. ఆ రెంటినీ కలిపే కోడే బ్యాకెండ్.

మూర్ఛరోగుల మెదడు సంకేతాలను చూసుకోవడానికి జాన్ హంటర్ అనే పరిశోధకుడు మొదలుపెట్టిన లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్. 2003లో బయటికొచ్చింది. ఆయన 2012లో కన్నుమూశారు. గీత ఎక్కడ పడాలో తేల్చే పని వేరు, దాన్ని విండోలో చూపే పని వేరు. అందుకే ఒకే గ్రాఫు టీకే, క్యూటీ, జీటీకే అనే టూల్‌కిట్‌ల విండోలన్నిట్లోనూ తెరుచుకుంటుంది.

బొమ్మ గీసేది లోపలున్న ఆగ్ ఇంజన్. చుక్కకు 4 బైట్లు. 800×600 బొమ్మయితే 19,20,000 బైట్లు. వాటిని తీసుకుని విండోకి అందిస్తే చూపే పని అయిపోయినట్టే.

అసలు శ్రమ వేలి మాట వినడంలో ఉంది. చాలా టూల్‌కిట్‌లు ఎత్తుని పైనుంచి లెక్కేస్తాయి, మ్యాట్‌ప్లాట్‌లిబ్ కిందినుంచి. టూల్‌కిట్ చెప్పిన ఎత్తుని విండో ఎత్తులోంచి తీసెయ్యకపోతే వేలు పైకి జరిపినప్పుడు గ్రాఫు కిందికి పోతుంది. వేలు కదిలిన ప్రతిసారీ బొమ్మంతా మళ్లీ గీస్తే ట్యాబ్ మొరాయిస్తుంది. ఎక్కిన ప్రతి ప్రయాణికుడికీ బస్సు కదలదు గదా! డ్రా ఐడిల్ అనే పద్ధతి కూడా అంతే: వచ్చిన కోరికలన్నీ పోగుచేసి, విండోకి తీరిక దొరకగానే ఒక్కసారి గీయిస్తుంది. కొత్త రీడింగు కోసం కోడ్ తనే కాచుకుని కూర్చోకూడదు, విండో బిగుసుకుపోతుంది. టూల్‌కిట్ టైమర్‌నే అడగాలి.

ఇందుకోసం లైబ్రరీని కదిలించనక్కర్లేదు. ఖాళీ పద్ధతులతో ఒక నమూనా బ్యాకెండ్ అందులోనే ఉంది. దాన్ని వేరే ఫైలుగా నింపుకుని, ఎంపీఎల్‌బ్యాకెండ్ అనే సెట్టింగులో ముందు module:// తగిలించి ఆ ఫైలు పేరు చెబితే చాలు. రేపు బాబాయి ఇంకో రకం ట్యాబ్ కొంటే నేను తిరగరాయాల్సింది ఆ ఒక్క ఫైలే. డీవో గీత గీసే కోడ్‌లో అక్షరం మారదు.