మాటకు పెదవి కుదిర్చే యంత్రం

ముంబయిలో గ్రాంట్ రోడ్ స్టేషన్‌కు దగ్గర్లో, కెనెడీ బ్రిడ్జి పక్కన ఒకప్పుడు ఇంపీరియల్ స్టూడియో ఉండేది. కూతవేటు దూరంలోనే రైలు పట్టాలు. మూకీలు తీసినంత కాలం ఆ రొద ఎవరికీ అడ్డం రాలేదు. అర్దేషిర్ ఇరానీ ‘ఆలం ఆరా’ మొదలుపెట్టాక మాత్రం స్టూడియో దినచర్యే తలకిందులైంది. రైళ్లు ఆగిపోయే వేళ కోసం కాచుకుని అర్ధరాత్రి దాటాక షూటింగ్ చేసేవారు. తెల్లవారుజామున మొదటి బండి కదిలేలోపు ముగించేవారు. మైకులను కెమెరాకు కనబడకుండా ఎక్కడెక్కడో దాచేవారు. సౌండ్‌ప్రూఫ్ గోడలు లేని ఆ స్టూడియోలో భారతీయ సినిమా నోరు విప్పింది. 1931 మార్చి 14న గిర్‌గావ్‌లోని మెజెస్టిక్ సినిమాలో అది విడుదలైనప్పుడు జనాన్ని అదుపు చేయడానికి పోలీసులు రావలసి వచ్చింది.

ఆ స్టూడియో నుంచి తూర్పుగా కాసేపు నడిస్తే కామాఠీపుర గల్లీలు వస్తాయి. నైజాం ఇలాకా నుంచి వలస వచ్చి, బొంబాయి దీవుల మధ్య పల్లపు నేలలను పూడ్చి, రాళ్లు మోసి, గోడలు లేపిన తెలుగు కూలీల పేరు మీద వెలసిన పేట అది. 18వ శతాబ్దం చివరి నుంచీ అక్కడ తెలుగు వినిపిస్తూనే ఉంది. ఆ ప్రాంతానికి బయట అంటగట్టిన పేరు వేరు, వేశ్యావాటిక అని. చాళ్లు అనే ఇరుకు గదుల వరుస ఇళ్లలో తరతరాలుగా బీడీలు చుట్టిన, మేస్త్రీ పనులు చేసిన, మగ్గాలకూ మిల్లులకూ చేతులిచ్చిన తెలుగు కుటుంబాల సంగతి ఆ పేరు కింద పడిపోయింది. మాట్లాడే బొమ్మల యంత్రం కథ చెప్పడానికి ఈ పేట కంటే తగిన చోటు నాకు తోచలేదు.

ఇరానీ తెప్పించిన యంత్రం పేరు టానార్. దాన్ని అమర్చడానికి విల్‌ఫర్డ్ డెమింగ్ అనే అమెరికన్ ఇంజనీరు వచ్చాడు. ఆయన రోజు కూలి వంద రూపాయలు, ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. కాబట్టి ఇరానీ, ఆయన సహచరుడు రుస్తుం భరూచా ఒక నెలలో రికార్డింగు కిటుకులు నేర్చుకుని పని తామే చేసుకున్నారు. టానార్ ప్రత్యేకత ఏమిటంటే బొమ్మ, ధ్వని రెండూ ఒకే కెమెరాలో, ఒకే ఫిల్ము మీద పడతాయి. మైకులోకి వెళ్లిన గొంతు విద్యుత్తుగా మారుతుంది. ఆ విద్యుత్తు ఒక వెలుగును మినుకుమినుకుమనిపిస్తుంది. ఆ వెలుగు ఫిల్ము అంచున సన్నని చారలుగా అచ్చు పడుతుంది. థియేటర్లో ఆ చారల గుండా దీపం పంపితే, దాటి వచ్చిన వెలుగు హెచ్చుతగ్గులను ఫొటోసెల్ తిరిగి విద్యుత్తుగా, స్పీకరు తిరిగి గొంతుగా మారుస్తాయి.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ప్రతి బొమ్మా దీపం ముందు ఒక్క క్షణం ఆగాలి, లేకపోతే తెర మీద అలుక్కుపోతుంది. కాబట్టి ఫిల్ము సెకనుకు 24 సార్లు ఆగి కదులుతుంది. ధ్వని అలా ఆగి నడవలేదు. అది ఒకే వేగంతో జారిపోవాలి. ఆగే చోట ధ్వనిని చదవడం కుదరదు గనుక దాన్ని చదివే తలను కొంత దూరంలో పెట్టారు. ఫలితంగా ఫిల్ము మీద మాటా, ఆ మాట పలికిన పెదవీ పక్కపక్కన ఉండవు. మధ్యలో సుమారు 20 ఫ్రేములు, అంటే 15 అంగుళాల ఎడం. బొమ్మ చూసుకుని కత్తెర వేస్తే మాట తెగుతుంది, మాట చూసుకుని వేస్తే పెదవి తెగుతుంది. ధ్వనికీ బొమ్మకూ వేరువేరు గడియారాలున్నాయని సినిమా వాళ్లు మొదట నేర్చుకున్నది ఇలాగే. ఆ తర్వాత వచ్చిన ప్రతి యంత్రమూ, ఈనాటి త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌తో సహా, ఆ రెండు గడియారాల మధ్య లెక్క చూసే గుమాస్తాయే.

తెలుగువారికి ఈ కథలో ఇంకొక వాటా ఉంది. ఇరానీ నిర్మాణంలో హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వం వహించిన ‘భక్త ప్రహ్లాద’ బొంబాయిలోనే తయారైంది. సురభి నాటక సమాజపు నటులు వెళ్లి అందులో వేషాలు వేశారు. సురభి కమలాబాయి లీలావతి, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు. ఏలూరు దగ్గరి సోమవరప్పాడు నుంచి బొంబాయి చేరిన ఎల్.వి.ప్రసాద్ ‘ఆలం ఆరా’లోనూ, ‘కాళిదాస్’లోనూ, ఇందులోనూ చిన్న చిన్న పాత్రల్లో కనిపించారు. ఈ మొదటి పూర్తి తెలుగు టాకీ 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమాలో విడుదలైందని రెంటాల జయదేవ పరిశోధించి తేల్చారు. అంతకుముందు మనం వేరే తేదీ చెప్పుకునేవాళ్లం. ఎంత వెతికినా ఇప్పుడు దాని ప్రింటు దొరకదు. ‘ఆలం ఆరా’ ప్రింటూ లేదు. తెరకెక్కిన తొలి తెలుగు గొంతులు ఎలా ఉండేవో వినే అవకాశం మనకు లేకుండా పోయింది. దీన్ని నేను చిన్న నష్టంగా ఎంచలేను.

తర్వాత ధ్వనిని వేరే ఫిల్ము మీద, ఆపైన అయస్కాంతపు పూత పూసిన టేపు మీద పట్టడం మొదలైంది. రెండింటినీ జత చేయడానికి క్లాపు పలక వచ్చింది. పలక మూసుకున్న ఫ్రేమూ, ‘టక్’మన్న ఫ్రేమూ కలిపితే చాలు. మనుషుల సినిమాకు ఈ ఏర్పాటు సరిపోయింది. బొమ్మల సినిమాకు క్లాపు ఉండదు, ఎందుకంటే అక్కడ పలికే నోరే ఇంకా పుట్టలేదు. అందుకే కార్టూన్లలో ముందు గొంతు రికార్డు చేస్తారు, తర్వాత నోరు గీస్తారు. ఒక మనిషి ధ్వని ఫిల్మును చేత్తో ముందుకూ వెనక్కూ లాగుతూ, తల దగ్గర చెవి పెట్టి, ఏ అక్షరం ఎన్నో ఫ్రేములో మొదలై ఎన్నో ఫ్రేములో ముగిసిందో ఎక్స్‌పోజర్ షీటు అనే పొడుగాటి గళ్ల కాగితం మీద రాసిపెట్టేవాడు. బొంబాయి ఫిల్మ్స్ డివిజన్‌లో 1956లో కార్టూన్ విభాగం మొదలైనప్పుడు, డిస్నీలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ వచ్చి మనవాళ్లకు యానిమేషన్ పద్ధతులు నేర్పాడు. 1957లో వచ్చిన ‘ది బాన్యన్ డీర్’ ఆ శిక్షణలోంచి పుట్టిందే.

కంప్యూటరు ఆ గళ్ల కాగితాన్ని అడ్డంగా పడుకోబెట్టి టైమ్‌లైన్ అంది. త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ తొలి కోడ్ ఫైలు 1994 జనవరి 2 నాటిది, అలాంటిదే అయిన మాయా 1998లో వచ్చింది. బ్లెండర్‌ను 2002లో అభిమానులు ఒక లక్ష యూరోలు పోగుచేసి కొని, అందరికీ ఉచితం చేశారు. చాళ్లో ఒక ఖోలీలో, అంటే చిన్న గదిలో, పాత కంప్యూటరు ముందు కూర్చున్న విద్యార్థికి కూడా ఇప్పుడది అందుబాటులో ఉంది. ఆడియో క్లిప్పును అందులోకి దించగానే తెర మీద తరంగం గీతగా కనిపిస్తుంది. పాతకాలపు మనిషి చెవితో వెతికినదాన్ని ఇప్పుడు కంటితోనూ వెతకవచ్చు.

“అమ్మా, పప్పు మాడింది!” అని ఒక పిల్ల అరిచిందనుకుందాం. తరంగంలో మొదటి ‘అ’ లావుగా ఉబ్బి కనిపిస్తుంది. ‘మ్మ’ దగ్గర గీత సన్నబడుతుంది గాని చావదు, ఎందుకంటే పెదవులు మూసి ఉన్నా గొంతు ముక్కు గుండా మోగుతూనే ఉంటుంది. ‘ప్పు’ దగ్గర గీత పూర్తిగా పడిపోయి, ఆ వెంటనే ముల్లులా లేస్తుంది. ఆ మౌనమే పెదవులు మూసుకున్న సమయం, ఆ ముల్లే అవి విడివడిన క్షణం. కొత్తగా నేర్చేవారు ముల్లు దగ్గర నోరు మూయిస్తారు, అప్పుడు బొమ్మ మాటకు వెనకబడినట్టుంటుంది. మూత మౌనంలో పెట్టాలి. మామూలు ‘ప’కు రెండు ఫ్రేములు చాలితే ఒత్తు ఉన్న ‘ప్పు’కు మూడో నాలుగో కావాలి. ‘పప్పు’లోని తొలి ‘ప’ ముందు ఎంతసేపు ఊపిరి తీసుకుంది, ఎంతసేపు పెదవులు మూసింది అన్నది మాత్రం గీత చెప్పలేదు. దానికి బల్ల మీద అద్దం పెట్టుకుని తానే పలికి చూసుకోవడం తప్ప దారి లేదు. యానిమేటర్ల బల్లల మీద అద్దం ఇప్పటికీ ఉండటానికి ఒక కారణం ఇదే.

కన్ను, చెవి ఎంత తేడాను సహిస్తాయో కొలిచి చూశారు. టెలివిజన్ కోసం అంతర్జాతీయ టెలికం సంస్థ ఇచ్చిన లెక్క ప్రకారం, ధ్వని సుమారు 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా మనం పట్టేస్తాం, ఆలస్యంగా వస్తే 125 దాకా పట్టించుకోం. సినిమా ఫ్రేము ఒకటి సుమారు 42 మిల్లీసెకన్లు. అంటే మాట ఒక ఫ్రేము ముందొస్తేనే హద్దు దగ్గరికి వచ్చేశాం, మూడు ఫ్రేములు వెనకబడినా బతికిపోతాం. ఈ పక్షపాతం మనకు ప్రకృతి నేర్పినదే. శబ్దం సెకనుకు 340 మీటర్ల చొప్పున నడుస్తుంది. 14 మీటర్ల అవతలి వరండాలో ఎవరైనా చప్పట్లు కొడితే చేతులు కలవడం ముందు కనిపించి, చప్పుడు దాదాపు ఒక ఫ్రేము తర్వాత చేరుతుంది. ధ్వని బొమ్మ కంటే ముందు రావడం మాత్రం లోకంలో ఎక్కడా జరగదు. అందుకే అనుభవమున్నవాళ్లు నోటి కదలికను మాటకు ఒకటి రెండు ఫ్రేములు ముందుకే జరుపుతారు.

సాఫ్ట్‌వేర్ ఈ లెక్కను ఎలా నిలబెడుతుందో తెలియక చాలామంది తిప్పలు పడతారు. త్రీడీ దృశ్యం బరువైనది. ఒక్కో ఫ్రేమును లెక్కకట్టి చూపడానికి సెకనులో ఇరవై నాలుగో వంతు కంటే ఎక్కువ పట్టవచ్చు. అప్పుడు ధ్వని దాని దారిన అది పోతుంది, బొమ్మ వెనక నత్తనడక నడుస్తుంది. బ్లెండర్‌లో దీనికి మూడు మార్గాలున్నాయి. ప్రతి ఫ్రేమూ చూపించమనవచ్చు, అప్పుడు ధ్వనితో పొంతన ఉండదు. వెనకబడితే ఫ్రేములు వదిలేయమనవచ్చు. లేదా ధ్వనినే గడియారంగా పట్టుకుని, అది ఎక్కడుంటే అక్కడికి బొమ్మను దూకమనవచ్చు. పెదవుల పనికి మూడోదే సరైనది. టైమ్‌లైన్ మీద వేలితో లాగుతుంటే ముక్కముక్కలుగా ధ్వని వినిపించే ఏర్పాటు కూడా ఉంది. ఫిల్మును చేత్తో లాగిన పనే అది.

ఇంకో గోతిలో పడకుండా ముందే చూసుకోవాలి. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, మన టీవీకి 25. 24 లెక్కన నోరు కుదిర్చిన ఒక నిమిషపు దృశ్యంలో 1,440 ఫ్రేములుంటాయి. దాన్ని 25 లెక్కన తీస్తే 57.6 సెకన్లకే బొమ్మ అయిపోతుంది. ధ్వని ఇంకా 2.4 సెకన్లు మిగిలే ఉంటుంది. మొదటి మాట దగ్గర ఏ తప్పూ కనిపించదు, చివరికి వచ్చేసరికి పెదవి ఒకటి, పలుకు ఒకటి. ధ్వనిని సెకనుకు 48,000 నమూనాలుగా రికార్డు చేస్తే 24 ఫ్రేముల లెక్కలో ఒక్కో ఫ్రేముకు సరిగ్గా 2,000 నమూనాలు వస్తాయి, 25లో 1,920. పాటల సీడీల 44,100 లెక్క తీసుకుంటే ఫ్రేముకు 1,837న్నర పడుతుంది. ఎంపీ3గా కుదించిన ఫైలుకు మొదట్లో ఒక పిసరు మౌనం చేరుతుంది కాబట్టి, ఈ పనికి కుదించని డబ్ల్యూఏవీ ఫైలే మేలు.

ధ్వనిని దృశ్యంలో ఒక వస్తువులా నిలబెట్టడం త్రీడీకే చెల్లింది. బ్లెండర్‌లో స్పీకరు అనే వస్తువును వరండా మూలన పెడితే, కెమెరా దూరమైనకొద్దీ ఆ గొంతు తగ్గుతుంది. ఎదురుగా దూసుకొచ్చే వాహనపు కూత స్వరం మారడం కూడా లెక్కకట్టగలదు. దూరం వల్ల కలిగే ఆలస్యాన్ని మాత్రం అది కలపదు, మనమే క్లిప్పును ఒక ఫ్రేము జరపాలి.

నోటి ఆకారాల సంగతికి వస్తే, చలామణిలో ఉన్న పట్టికలు చాలావరకు ఇంగ్లిషు కోసం పుట్టినవి. రుబార్బ్ లాంటి ఉచిత ఉపకరణాలు గొంతు విని ఆరు నుంచి తొమ్మిది ఆకారాల్లో నోరు కుదిర్చిపెడతాయి. ఇంగ్లిషు కాని భాషలను అవి మాటలుగా గుర్తించవు, శబ్దాలుగానే చూస్తాయి. తెలుగుకు వాటి ఫలితాన్ని తొలి చిత్తుగా వాడుకుని చేత్తో దిద్దుకోవాలని నా అభిప్రాయం. తెలుగుకు కావలసినవి ఇవి: ప, బ, మలకు మూసిన పెదవులు. వ, ఫలకు కింది పెదవి మీద ఆనీ ఆనని పళ్లు. ఉ, ఒలకు గుండ్రం. ఇ, ఎలకు సాగిన నోరు. ‘ఆ’కు దించిన దవడ. త, ట, న, ళ వగైరాలన్నిటికీ కాస్త తెరిచిన ఒకే ఆకారం చాలు, ఎందుకంటే నాలుక లోపల ఎక్కడ తగిలిందో బయటి నుంచి కనబడదు. వీటిలో మూతను మాత్రం ఎప్పుడూ ఎగ్గొట్టకూడదు. 1976లో మెగర్క్, మెక్‌డొనాల్డ్ అనే శాస్త్రవేత్తలు ‘బా’ అనే ధ్వనికి ‘గా’ పలికే నోరు జోడించి చూపితే జనం ‘డా’ అని విన్నారు. పెదవి తప్పితే చెవి కూడా తప్పు వింటుందన్నమాట.

కామాఠీపుర చాళ్లను పడగొట్టి కొత్తగా కట్టే పథకాన్ని మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మహాడా చేపట్టింది. మరాఠీ, దక్కనీ ఉర్దూ కలిసిన అక్కడి తెలుగును, అమ్మమ్మలు చెప్పే కథలను ఎవరైనా పట్టి పిల్లల బొమ్మలకు గొంతుగా ఇవ్వాలని నా ఆశ. సామాను పెద్దగా అక్కర్లేదు. మాటల మధ్య మనిషిని ఆపి దిద్దకూడదు, కథ దాని నడకలోనే రానివ్వాలి. ఫోనును నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు పెట్టి, 48,000 లెక్కన రికార్డు చేయాలి. కథ మొదలయ్యే ముందు ఎవరూ మాట్లాడకుండా ఖోలీలో ఉన్న చప్పుడును పది సెకన్లు పట్టుకుంటే, తర్వాత ఆ రొదను తీసివేయడం తేలికవుతుంది. అసలు ఫైలును ముట్టకుండా రెండు చోట్ల దాచి, కోతలన్నీ నకలు మీద చేయాలి.