అమానతును ఎవరి చేతికి అప్పగిస్తున్నాం?

ధర్మవరంలో మగ్గం ఆడే ఇంటికి నిశ్శబ్దం కొత్త. పగలంతా నాడె చప్పుడుతో నిండి ఉండే ఇల్లు రాత్రి సద్దుమణిగాక, లోపలి గదిలోని పెద్దాయన మూలుగు ఒక్కటే వినిపిస్తూ ఉంటుంది. బెంగళూరు పెద్దాసుపత్రిలో ఆపరేషను, రేడియేషను, కీమోథెరపీ అన్నీ ముగిశాయి. “ఇక వ్యాధిని నయం చేసే మందు లేదు. ఇంటికి తీసుకువెళ్ళండి” అన్న మాట విని కుటుంబం హిందూపురం మీదుగా తిరుగు రైలెక్కింది. ధర్మవరంలోనే కాదు, పెనుకొండ, హిందూపురం మహల్లాలలో కూడా ఇటువంటి ఇల్లు మనందరికీ పరిచయమైనదే.

“భయ్యా, ఇటువంటి రోగులను చూసుకునే చోటు ఒకటుందట. అబ్బాను అక్కడికి తీసుకుపోదాం” అంటాడు చిన్న కొడుకు. “కన్నతండ్రిని ఎక్కడో వదిలేసి వచ్చారని జమాత్ వాళ్ళు అనుకోరా?” అంటాడు పెద్ద కొడుకు. ఇద్దరి మాటల్లోనూ ప్రేమే ఉంది. అయితే అడగవలసిన అసలు ప్రశ్న ఇద్దరి నోటా రాలేదు. ఆ చోటు ఎలాంటిది? అక్కడి సేవ మంచిదో కాదో మనం ఎలా తెలుసుకోవాలి?

సహాయం తీసుకోవడం వదిలివేయడం కాదు

బద్ర్ యుద్ధానికి ముస్లింలు బయలుదేరిన సమయంలో దైవప్రవక్త (స) కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి) తీవ్రంగా జబ్బుపడి ఉన్నారు. ఆమె భర్త హజ్రత్ ఉస్మాన్ (రజి)ను దైవప్రవక్త (స) యుద్ధానికి రమ్మనలేదు, భార్యకు సేవ చేయడానికి మదీనాలోనే ఉండమన్నారు. యుద్ధంలో పాల్గొన్న వారితో సమానంగా ఆయనకు వాటాను కూడా నిర్ణయించారు. రోగి పడక పక్కన కూర్చోవడం ఎంతటి బాధ్యతో చెప్పడానికి ఈ ఒక్క సంఘటన చాలు.

మరో సంఘటన కందక యుద్ధం నాటిది. హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) గాయపడినప్పుడు, గాయాలకు చికిత్స చేయడంలో నేర్పరి అయిన హజ్రత్ రుఫైదా (రజి) గుడారంలో ఆయనను ఉంచారు. దైవప్రవక్త (స) అక్కడికి వెళ్ళి ఆయనను పరామర్శించేవారు. ఆయనను ప్రేమించేవారు మదీనాలో ఎందరో ఉన్నారు. అయినా నేర్పు ఉన్నవారి సహాయం తీసుకున్నారు, పరామర్శను మాత్రం మానలేదు. ఈ రెండు సంఘటనలనూ కలిపి చూస్తే మన పెద్ద కొడుకు సందేహానికి సమాధానం దొరుకుతుంది. నిపుణుల చేతికి అప్పగించడం తప్పు కాదు, అప్పగించి మరచిపోవడమే తప్పు.

హాస్పిస్ అంటే ఏమిటి?

వ్యాధి నయమయ్యే దశ దాటిపోయిన తరువాత, మిగిలిన రోజులు నొప్పి లేకుండా, గౌరవంగా గడిచేలా చూసే వైద్యసేవే హాస్పిస్. డాక్టర్ సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో ప్రారంభించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌తో ఈ సేవ నేటి రూపాన్ని సంతరించుకొంది. మన దేశంలో తొలి హాస్పిస్ 1986లో ముంబైలో ప్రారంభమైన శాంతి అవేద్నా సదన్. ధర్మవరం వారికి రైలు దూరంలో, బెంగళూరులో కరుణాశ్రయ ఉంది. 1994లో ఏర్పడిన బెంగళూరు హాస్పిస్ ట్రస్టు 1999 నుండి దీనిని నడుపుతోంది. నయమయ్యే దశ దాటిన కాన్సర్ రోగులకు ఇక్కడ ఉచితంగా సేవ చేస్తారు. హైదరాబాదులో రోటరీ క్లబ్ ఆఫ్ బంజారాహిల్స్ ట్రస్టు 2011లో ప్రారంభించిన స్పర్శ్ హాస్పిస్ కూడా ఉచిత సేవే అందిస్తోంది.

ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. ఈ సేవ మరణాన్ని త్వరపరచదు, బలవంతంగా వాయిదా వేయాలనీ చూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నిర్వచనంలోనే ఈ మాట ఉంది. ప్రాణం ఇచ్చేదీ తీసుకునేదీ అల్లాహ్‌యే అని నమ్మే మనకు ఇందులో అభ్యంతరకరమైనదేదీ లేదు. ఎవరైనా మరణాన్ని త్వరపరచే మాట మాట్లాడితే, ఆ చోటు మనకు తగినది కాదని అప్పుడే తేల్చుకోవచ్చు.

గోడలను కాదు, రాత్రిని చూడండి

హాస్పిస్‌ను చూడబోయినప్పుడు మన కళ్ళు ముందుగా భవనాన్నీ, తోటనూ, బోర్డునూ చూస్తాయి. రోగి అనుభవించేది వాటిని కాదు. అందువల్ల కింది విషయాలను అడిగి, కళ్ళారా చూసి తెలుసుకోవాలి.

మొదటిది నొప్పి. “నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ మీ వద్ద ఉందా?” అని సంకోచించకుండా అడగండి. తీవ్రమైన కాన్సర్ నొప్పికి అదే ముఖ్యమైన మందు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలు దీనిని నిల్వ ఉంచుకునే విధానాన్ని ప్రభుత్వం సులభతరం చేసింది. మందు ఉంటే చాలదు, ఇచ్చే తీరు కూడా ముఖ్యమే. నొప్పి భరించలేక రోగి అరిచిన తరువాత ఇవ్వడం సరైన పద్ధతి కాదు. గడియారం ప్రకారం, నొప్పి రాకముందే ఇవ్వాలి. మార్ఫిన్ వల్ల మలబద్ధకం కలుగుతుంది కాబట్టి, దానితోపాటే విరేచనం సాఫీగా అయ్యే మందును కూడా రాస్తున్నారా అని గమనించండి. ఆ చిన్న జాగ్రత్త తీసుకునే వైద్యునికి ఈ పని బాగా తెలిసినట్లే.

మార్ఫిన్ మత్తుమందు కదా, అది ధర్మసమ్మతమేనా అని కొందరు వెనుకాడతారు. మత్తు కోసం కాక, వైద్యుడు నిర్ణయించిన మోతాదులో అవసరం కొద్దీ తీసుకునే ఔషధాన్ని పండితులు అనుమతించారు. నొప్పిని భరించడమే సహనమనీ, ఉపశమనం కోరితే సహనం తగ్గినట్లనీ భావించడం కూడా సరికాదు. సహనానికి ప్రతీక అయిన హజ్రత్ అయ్యూబ్ (అలై) తన బాధను అల్లాహ్‌కు విన్నవించుకొన్నారు. ఆయన సహనశీలి అని ఖుర్ఆన్ కొనియాడింది.

రెండవది రాత్రి. నొప్పి, ఆయాసం, భయం రాత్రిపూటే ఎక్కువ అవుతాయి. “రాత్రి రెండు గంటలకు అబ్బాకు ఊపిరాడకపోతే ఎవరు వస్తారు? డాక్టరు ఎంతసేపట్లో వస్తాడు?” అని అడగండి. జవాబు ఒక మనిషి పేరుతోనో, డ్యూటీ వివరాలతోనో వస్తే నమ్మవచ్చు. “మేము చూసుకుంటాంలెండి” అనే జవాబుతో తృప్తిపడకండి. వృద్ధాశ్రమానికే హాస్పిస్ అని పేరు పెట్టుకొన్న చోట్లు కూడా ఉండవచ్చు. డాక్టరు, శిక్షణ పొందిన నర్సు లేని చోటు హాస్పిస్ కాదు.

మూడవది శరీరశుభ్రత. మంచాన పడినవారిని రెండు గంటలకొకసారి అటూ ఇటూ తిప్పకపోతే వీపుపైనా, నడుము కిందా పుండ్లు పడతాయి. వార్డులో దుర్వాసన ఉందా? దుప్పట్లు తడిగా ఉన్నాయా? రోగుల పెదవులు ఎండి పగిలి ఉన్నాయా? ఈ మూడూ చూస్తే అక్కడి దినచర్య చాలావరకు తెలిసిపోతుంది. స్త్రీలకు స్త్రీలే స్నానం చేయిస్తారా, శరీరం శుభ్రం చేసేటప్పుడు తెర వేస్తారా అనేది మన కుటుంబాలు తప్పక అడగవలసిన విషయం. మంచి హాస్పిస్ ఈ ప్రశ్నకు విసుక్కోదు.

నాలుగవది నిజం చెప్పడం. “తగ్గిపోతుందిలే” అని రోగితో చివరిదాకా అబద్ధమాడటం దయ కాదు. ముస్లింకు నిజం తెలియవలసిన అవసరం ఎక్కువ. తీర్చవలసిన అప్పులు ఉంటాయి, అడగవలసిన క్షమాపణలు ఉంటాయి. ఆస్తిలో మూడోవంతు మించకుండా, వారసులు కానివారికి వసియ్యత్ రాయాలన్న కోరిక కూడా ఉండవచ్చు. వీటికి సమయం కావాలి, స్పృహ కావాలి. కుటుంబాన్ని కూర్చోబెట్టి, రోగి ఎంత తెలుసుకోగోరుతున్నాడో గ్రహించి, మెల్లగా నిజం చెప్పే నేర్పు ఆ డాక్టరుకు ఉందా అని గమనించండి.

ఐదవది ఆరాధన. నిలబడలేని వారు కూర్చొని, కూర్చోలేని వారు పడుకొని, అదీ చేతకాకపోతే సైగలతో నమాజు చేసే సౌలభ్యాన్ని ధర్మం ఇచ్చింది. నీరు తగలకూడని వారికి తయమ్ముమ్ ఉంది. మంచాన్ని ఖిబ్లా వైపు తిప్పుకోనిస్తారా? చివరి ఘడియల్లో కుటుంబసభ్యులు పక్కన కూర్చొని మెల్లగా కలిమా వినిపించడానికి వేళాపాళా లేకుండా అనుమతిస్తారా? మరణించిన వెంటనే కాగితాలు ఆలస్యం చేయకుండా మయ్యిత్‌ను అప్పగిస్తారా? ఈ హాస్పిస్‌లను నడిపేవారిలో అత్యధికులు ఇతర మతస్థులే. సగౌరవంగా అడిగితే సగౌరవంగానే సమాధానమిచ్చే చోటు మంచి చోటు.

ఆరవది డబ్బు. ఉచితమంటే పూర్తిగా ఉచితమేనా? మందులు, డైపర్లు, అంబులెన్సు ఎవరి ఖర్చు? రుసుము తీసుకునే చోటైతే మొత్తం వివరం కాగితంపై రాయించుకోండి. చికిత్సకే మగ్గాన్నీ, నగలనూ తాకట్టు పెట్టిన కుటుంబం చివరి దశలో మరో అప్పులో దిగకూడదు.

ఎలా చూడాలి?

వీలైతే రెండుసార్లు వెళ్ళండి, ఒకసారి ముందుగా చెప్పి, ఒకసారి చెప్పకుండా సాయంత్రం పూట. మేనేజరుతో కన్నా నర్సుతో, ఆయాతో ఎక్కువసేపు మాట్లాడండి. అక్కడున్న రోగుల బంధువులను, “పోయిన రాత్రి ఎలా గడిచింది?” అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు పది ప్రచార పత్రాలకన్నా విలువైనది. రోగిని మంచం నంబరుతో పిలుస్తున్నారా, పేరుతోనా, “పెద్దాయనా”, “అమ్మా” అనా? చెవిన పెట్టి వినండి. అన్నిటికన్నా ముఖ్యంగా, రోగికి స్పృహ ఉంటే ఆయన ఇష్టాన్ని అడగండి. “నా ఇంట్లోనే, నా మగ్గం పక్కనే” అని ఆయన అంటే, ఆ మాటకు విలువ ఇవ్వాలి.

ఇంటివద్దే ఉంచదలిస్తే

మనలో చాలామంది పెద్దలు కోరుకునేది ఇంటినే. అప్పుడు కూడా పై ప్రశ్నలే వర్తిస్తాయి, వాటికి జవాబు చెప్పవలసింది మాత్రం మనమే. నొప్పి మందు ఎవరు తెస్తారు? రాత్రి ఎవరు మేల్కొంటారు? రెండు గంటలకొకసారి ఎవరు తిప్పుతారు? ఈ భారమంతా ఇంటి కోడలిపైనో, ఒక్క కూతురిపైనో పడటం మనం చూస్తున్నదే. సేవ చేసే ఆ మనిషి నిద్ర, తిండి గురించి ఎవరు అడుగుతున్నారు?

ఇక్కడ కేరళ అనుభవం మనకు పాఠం. 1993లో కోజికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ తదితరులు పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీని స్థాపించారు. ఆ తరువాత ముస్లింలు అధికంగా ఉన్న మలప్పురం జిల్లాలో ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది, చిన్న చిన్న చందాలతో, నర్సును వెంటబెట్టుకొని రోగుల ఇళ్ళకు వెళ్ళే పద్ధతి బలపడింది. 2008లో కేరళ ప్రభుత్వం ఈ సేవకు ప్రత్యేక విధానాన్నే ప్రకటించింది. 2012లో కేంద్రప్రభుత్వం జాతీయ ఉపశమన చికిత్సా కార్యక్రమాన్ని రూపొందించింది. అయితే కాగితంపై ఉన్న కార్యక్రమం గడప దాటి లోపలికి రావాలంటే ఇరుగుపొరుగు చేతులు కావాలి.

ధర్మవరంలో ఒక మస్జిద్ పరిధిలోని పదిమంది యువకులు, పదిమంది స్త్రీలు వారానికి ఒక్కో రాత్రి రోగి దగ్గర మేల్కొనడానికి ముందుకొస్తే ఆ ఇంటి కోడలికి నిద్ర దొరుకుతుంది. గాలిపరుపు ఒకటి, చక్రాల కుర్చీ ఒకటి మస్జిద్‌లో ఉంచి, ఒక ఇంటి తరువాత మరో ఇంటికి ఇవ్వవచ్చు. పేద రోగి మందుల ఖర్చుకు జకాత్ ఇవ్వవచ్చు. రోగిని పరామర్శించడం ముస్లింపై మరో ముస్లింకు ఉన్న హక్కు అని దైవప్రవక్త (స) బోధించారు. పండ్ల సంచి ఇచ్చి, పది నిమిషాలు కూర్చొని రావడంతో ఆ హక్కు పూర్తిగా తీరిందనుకోగలమా?

తల్లిదండ్రులు మనకు అల్లాహ్ అప్పగించిన అమానతు. వారిని హాస్పిస్‌లో ఉంచినా, మగ్గం పక్కన ఉంచినా, ఆ అమానతు మన మెడపైనే ఉంటుంది. చేతులు మారవచ్చు, బాధ్యత మారదు. అందుకే ప్రశ్నలు అడగడం అనుమానం కాదు, అదీ సేవలో భాగమే. ఈ రాత్రి ఆ ఇంట్లో అన్నదమ్ములిద్దరూ వాదన ఆపి, తండ్రి మంచం పక్కన కూర్చొని, “అబ్బా, మీకు ఎక్కడ నొప్పిగా ఉంది? మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు?” అని అడిగితే మొదటి అడుగు పడినట్లే.