ఇంజన్ ఆగింది, కింద నీళ్లు

2013 డిసెంబర్ 11. హవాయిలోని మొలొకాయ్ దీవిలో కలావుపాపా అనే చిన్న ఎయిర్‌పోర్ట్. అక్కణ్ణుంచి హొనొలులుకి ఒక సెస్నా కారవాన్ బయల్దేరింది. పైలట్‌తో కలిపి తొమ్మిది మంది, ఒకటే ఇంజన్. విమానం సముద్రం మీదకి వచ్చిందో లేదో, ఢామ్మని చప్పుడు. ఇంజన్ పోయింది. టర్బైన్ బ్లేడ్లు విరిగాయని తర్వాత దర్యాప్తులో తేలింది. అప్పటికి విమానం ఉన్న ఎత్తు సుమారు 500 అడుగులు.

ఇలాంటప్పుడు విమానం రాయిలా పడిపోతుందని మనలో చాలామందికి గట్టి నమ్మకం. సినిమాల పుణ్యం. నిజానికి లిఫ్ట్ పుట్టేది రెక్క చుట్టూ పారే గాలి వల్ల. ఇంజన్ చేసేదల్లా ఆ గాలి పారడానికి కావలసిన వేగాన్ని నిలబెట్టడమే. అది ఆగిపోతే వేగాన్ని ఇంకోచోట నుంచి తెచ్చుకోవాలి. ఆ ఇంకోచోటే ఎత్తు. ఘాట్ రోడ్డు మీద ఇంజన్ ఆపేసినా సైకిల్‌లా దిగే బండి గుర్తుందా, అలాగే విమానం ముక్కు కాస్త దించి, ఎత్తుని కొంచెం కొంచెంగా ఖర్చు పెట్టుకుంటూ జారుతుంది. ఫస్టియర్ ఫిజిక్స్‌లో చదివిన పొటెన్షియల్ ఎనర్జీ ఇదే.

ఫ్లయింగ్ స్కూళ్లలో ఎక్కువగా కనిపించే సెస్నా 172ని తీసుకుని లెక్క వేద్దాం. ఇంజన్ లేకుండా ఒక అడుగు దిగేలోపు సుమారు తొమ్మిది అడుగులు ముందుకు పోతుంది. ఆ దూరం దక్కాలంటే వేగం 68 నాట్లు ఉండాలి. (వరినాట్లు కాదు, గంటకి 126 కిలోమీటర్లు.) అంటే సెకనుకి 35 మీటర్లు ముందుకి, దాదాపు 4 మీటర్లు కిందకి. 3000 అడుగుల ఎత్తులో ఇంజన్ ఆగితే చేతిలో ఉన్నది నాలుగు నిమిషాలు, ఎనిమిది కిలోమీటర్లు. అదే 500 అడుగుల్లో అయితే నలభై సెకన్లు. కారవాన్ వేరే విమానం, అంకెలు కొంచెం మారతాయి. కానీ ఆ పైలట్‌కి ఎంత టైమ్ ఉందో ఒక అంచనా వస్తుంది కదా.

ఈ టైమ్‌లో చేయకూడని పని ఒకటుంది. నీళ్లు దగ్గరపడుతుంటే చెయ్యి దానంతట అదే ముక్కుని పైకి లాగబోతుంది, ఇంకాసేపు గాల్లో ఉందామని. అలా లాగితే వేగం తగ్గి, రెక్క స్టాల్ అవుతుంది. అప్పుడు మాత్రం విమానం నిజంగానే రాయి.

ఎత్తు ఉంటే ఇంజన్‌ని మళ్లీ స్టార్ట్ చేసి చూడొచ్చు. ఒక ట్యాంకు ఖాళీ అయ్యి రెండోదానికి మార్చడం మర్చిపోయి ఉండొచ్చు. పాత ఇంజన్లలో కార్బ్యురేటర్‌లో మంచు పేరుకుని ఉండొచ్చు. బయట 20 డిగ్రీలు ఉన్నా, గాల్లో తేమ ఉంటే చాలు. పెట్రోలు ఆవిరవుతూ లోపలి వేడిని లాగేసుకుంటుంది. ఆ మంచుని కరిగించడానికి వేడి గాలి పంపే మీట ఒకటి ఉంటుంది. ఇవేవీ పని చెయ్యకపోతే 121.5 మెగాహెర్ట్జ్‌లో మేడే, ట్రాన్స్‌పాండర్‌లో 7700. ఇక మిగిలింది నీళ్లు.

నీళ్లు మెత్తన అనుకుంటాం. చెరువులో బొక్కబోర్లా దూకినవాణ్ణి అడగండి, చెప్తాడు. నీటి సాంద్రత గాలి కన్నా దాదాపు 800 రెట్లు ఎక్కువ. అందుకే నీటిని తాకేటప్పుడు వేగం ఎంత తగ్గితే అంత మంచిది, అదీ స్టాల్ కాకుండా. 70 నాట్లతో తాకడానికీ 50తో తాకడానికీ తేడా చూడ్డానికి ఇరవయ్యే. కానీ కైనెటిక్ ఎనర్జీలో వేగానికి స్క్వేర్ ఉంది కాబట్టి తేడా రెట్టింపు. ఎదురుగాలిలోకి దిగితే వేగం ఇంకా తగ్గుతుంది. అయితే గాలి తక్కువగా ఉండి, దూరం నుంచి దొర్లుకుంటూ వచ్చే పెద్ద అలలు ఉంటే, వాటికి ఎదురుగా కాకుండా సమాంతరంగా దిగమని మాన్యువల్ చెప్తుంది. అలకి ఎదురెళ్లడమంటే గోడకి ఎదురెళ్లడమే.

2024 నవంబర్‌లో విజయవాడ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ నడిపారు కదా, దానికి కింద పడవల్లాంటి ఫ్లోట్లు ఉంటాయి. మామూలు సెస్నాకి ఉండేది చక్రాలు. అవి నీళ్లలో దిగబడగానే విమానం ముందుకి పల్టీ కొట్టొచ్చు. లోపలున్నవాళ్లు తలకిందులుగా, చీకట్లో, నీళ్లలో. నా దృష్టిలో అసలు ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది.

ఒక చదరపు మీటరు తలుపు సగటున అర మీటరు లోతులో ఉందనుకోండి. దాని మీద నీటి బలం సుమారు 5000 న్యూటన్లు, అంటే అర టన్ను బరువు. లోపల ఇంకా గాలే ఉంటే ఆ తలుపుని ఏ మనిషీ తొయ్యలేడు. అందుకే గాల్లో ఉండగానే తలుపు గడియ తీసి ఉంచమంటారు. దెబ్బకి ఫ్రేము వంగినా తలుపు బిగుసుకోదు. ఒకవేళ బిగుసుకుంటే, కిటికీ తెరిచి నీళ్లని లోపలికి రానివ్వాలి. రెండు వైపులా ఒత్తిడి సమానమైతేనే తలుపు కదులుతుంది. మునుగుతూ నీళ్లని లోపలికి పిలవడం వినడానికి పిచ్చిగా ఉంటుంది, కానీ లెక్క అదే.

లైఫ్ జాకెట్‌దీ అదే కథ. లోపల ఉండగా వేసుకోవాలి, గాలి మాత్రం బయటికి వచ్చాకే నింపాలి. 1996లో హైజాక్ అయిన ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ 767, ఇంధనం అయిపోయి కొమొరోస్ దీవుల దగ్గర సముద్రంలో దిగింది. అది పెద్ద విమానమే, కానీ పాఠం ఒకటే. 175 మందిలో 125 మంది చనిపోయారు. ముందే జాకెట్ ఉబ్బించుకున్నవాళ్లు కొందరు నీళ్లు రాగానే పైకప్పుకి తేలిపోయారు. తలుపు కిందుంది, కిందకి మునిగే వీల్లేదు.

మొలొకాయ్ దగ్గర కారవాన్ పల్టీ కొట్టలేదు. నీళ్ల మీద ఆగి, కాసేపు తేలింది. తొమ్మిది మందీ బయటికి వచ్చారు. ఒకరు ఈదుకుంటూ ఒడ్డు చేరారు, మిగతావాళ్లు సాయం కోసం అలల్లో ఎదురుచూశారు. బయటపడినవాళ్లలో హవాయి రాష్ట్ర ఆరోగ్య శాఖ డైరెక్టర్ లొరెట్టా ఫడ్డీ నీళ్లలోనే చనిపోయారు. మునిగి కాదు. గాభరాతో ఊపిరి మరీ వేగంగా తీసుకోవడం వల్ల గుండె లయ తప్పిందని శవపరీక్షలో తేలింది. మిగతా ఎనిమిది మందీ బతికారు.

ఇదే హవాయి వైపు 2015 జనవరిలో ఒక సిరస్ విమానం కాలిఫోర్నియా నుంచి వస్తోంది. అదనపు ట్యాంకులో ఇంధనం ఉంది, వాల్వు సమస్య వల్ల ఇంజన్‌కి అందట్లేదు. దీవి చేరలేనని పైలట్‌కి చాలా ముందే తెలిసింది. తెలిసింది కాబట్టి కోస్ట్ గార్డ్‌తో మాట్లాడాడు, దగ్గర్లో ఉన్న ఒక క్రూయిజ్ షిప్ వైపు తిరిగాడు. ఆ మోడల్‌లో విమానం మొత్తానికి ఒక పారాచూట్ ఉంటుంది, మావీకి 250 మైళ్ల దూరంలో దాన్ని లాగాడు. విమానం నీళ్ల మీదకి నిలువుగా దిగింది. అతను బయటికి వచ్చి తన చిన్న రాఫ్ట్‌లో కూర్చున్నాడు. పైన ఎగురుతున్న కోస్ట్ గార్డ్ విమానం అదంతా వీడియో తీసింది. కాసేపటికి షిప్ వాళ్లు పడవ పంపించి ఎక్కించుకున్నారు.