రక్షకభటుల ఆరోగ్యానికి రక్ష ఏది?

మా నాన్నగారు హెడ్ కానిస్టేబులు. బందోబస్తు ముగించుకొని ఏ అర్ధరాత్రికో వచ్చి, చల్లారిన అన్నం తిని, వెంటనే పడుకొనేవారు. ఉద్యోగమన్నాక తప్పదులే అనుకునేవాళ్ళం. 52వ ఏట గుండెపోటుతో ఆయన కన్నుమూశారు. వైద్యవృత్తిలో ప్రవేశించిన తర్వాత ఈ విషయాన్ని ప్రత్యేకంగా పరిశీలించాను.

అమెరికాలోని బఫెలో నగరంలో జాన్ వయొలాంటి బృందం 464 మంది పోలీసులను పరీక్షించింది. ఆయన స్వయంగా 23 సంవత్సరాలు పోలీసు ఉద్యోగం చేసినవారే. 2012లో వెలువడిన ఫలితాల ప్రకారం వారిలో 40 శాతం మందికి స్థూలకాయం ఉన్నది. సాధారణ ఉద్యోగులలో అది 32 శాతం.

ఆకలి, దప్పిక, నిద్ర, మూత్రం మొదలైన 13 వేగాలను బలవంతంగా ఆపరాదని చరకసంహిత హెచ్చరించింది. బందోబస్తులో నిలబడిన మనిషి ఆపుకొనేవి ఇవే కదా! రాత్రి జాగరణం దేహంలో రూక్షత్వాన్ని పెంచి వాతాన్ని ప్రకోపింపజేస్తుంది.

ఉద్యోగాన్ని మనం మార్చలేము; ఇంటి పద్ధతిని మార్చగలము. రాత్రి మేల్కొన్నవారు, మేల్కొన్న కాలంలో సగంసేపు, మరునాటి ఉదయం భోజనానికి ముందే నిద్రించాలని వాగ్భటుడు చెప్పాడు. ఆ సమయంలో ఇంట్లో రేడియో, టీవీ కట్టివేయండి. మధుమేహానికి మందులు వాడేవారు మాత్రం వైద్యుని సలహాతోనే ఈ నియమం పాటించాలి. పడుకొనే ముందు అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దనా చేయండి. పొద్దుపోయి వచ్చిన రోజున వేపుళ్ళు మాని, పెసరకట్టుతో వేడి అన్నం కొద్దిగా వడ్డించండి. ఏటా రక్తపోటు, చక్కెర పరీక్షలు తప్పనిసరి. వాడుతున్న మందులు మానరాదు.

ఈ నాలుగు మాటలు ఆనాడు మా అమ్మకు చెప్పినవారు లేరు. అందుకే మీకు చెబుతున్నాను.