కొంగుముడి యెందులకు వేసితిని?

నెల్లూరివారు మతిమఱపును గూర్చి సిగ్గుపడ నక్కఱలేదు. తిక్కన సోమయాజి యంతటివాడే యొకనాడు మాట తోచక నిలిచిపోయెనని మన ప్రాంతపు పెద్దలు చెప్పుకొందురు. పదుమూడవ శతాబ్దమున మనుమసిద్ధి కొలువులోనుండి, విరాటపర్వము మొదలు పదునైదు పర్వముల భారతమును తెనిగించిన మహానుభావుడాయన. ఆయన చెప్పుచుండగా గురునాథుడను కుమ్మరి వ్రాయుచుండెడివాడట. చెప్పుచు చెప్పుచు నాగినచో నాలుక కోసికొందునని తిక్కనగారి పంతము. సంజయుడు ధృతరాష్ట్రునకు యుద్ధవార్త తెలుపు ఘట్టమున నొక పద్యపు చివర నేమియు తోచక, గురునాథుని పేరుపెట్టి పిలిచి, ఇక నేమందునని ఆయన వాపోయెను. నాలుకకు కాలము చెల్లినదే యనుకొనెను. గురునాథుడు మాత్రము తొణకలేదు. ఆ వాపోయిన మాటనే పత్రముపై నెక్కించి, పద్యము పూర్తియైనదనెను. ధృతరాష్ట్రుడు కురునాథుడు గదా! ద్రుతముమీది కకారము గకారమగుట మన వ్యాకరణములో నున్నదే. వ్రాయసకానిని పిలిచిన పిలుపు రాజును పిలిచిన పిలుపై కూర్చున్నది.

ఇది జరిగినదో లేదో పండితులు తేల్చుకొందురు గాక. నాకు మాత్రమీ కథలో తిక్కనగారికంటె గురునాథునిమీదనే మక్కువ. మాట తప్పిపోయినవారు లోకములో కోట్లమంది కలరు. తప్పిపోయిన మాటకు పద్యములో చోటు చూపినవాడు ఆ కుమ్మరి యొక్కడే.

సోదరీమణులారా! మన యిండ్లలో తిక్కనలకు కొదువ లేదు. నుదుటిమీదికి నెట్టుకొన్న కంటద్దములకొఱకు ఇల్లెల్ల గాలించువారును, చేతనున్న సెల్‌ఫోను వెలుతురుతో ఆ సెల్‌ఫోనునే మంచముక్రింద వెదకువారును, ఒక్క మనుమని పిలువబోయి కొడుకులు, కోడండ్రు, పెంపుడుకుక్క, అందఱి పేళ్లును వరుసగా చదివి తుదకు వానియొద్దకు వచ్చువారును మనకు తెలియనివారా? "అది తెచ్చి దానిమీద పెట్టమ్మే" యనుట యొక భాష. ఆ భాష నర్థము చేసికొనగల కోడలు దొరకుట పూర్వజన్మ సుకృతము.

వయసు మీఱినకొలది మనసునందేమి జరుగునో వైద్యులు చాలవఱకు తెలిసికొన్నారు. మాటల భాండాగారము తఱుగదు. కొందఱిలో పెరుగును గూడ. తఱుగునది వేగము. క్రొత్త సంగతి నాటుకొనుటకును, పాత సంగతి పైకి వచ్చుటకును కొంత వ్యవధి పట్టును. అందును మనుష్యుల పేళ్లు మఱింత మొండివి. చేపలమ్మునామె యనగానే తట్టయు, గొంతుకయు, బేరమును కన్నులకు కట్టును. ఆమె సుబ్బమ్మయో రమణమ్మయో తెలుపుటకు తట్టలో నేమియు నుండదు. పేరునకు పట్టుకొమ్మ లేకపోవుటచేతనే అది ముందుగా జాఱును.

మఱియొక చిక్కు గలదు. పొయ్యిమీద పాలు, వాకిట కూరలవాడు, చేతిలో పసిబిడ్డ, చెవిలో టెలివిజను – ఇన్నిటి నడుమ తాళపుచెవి నెక్కడ పెట్టితినన్న సంగతి మనసునకు చేరనే చేరదు. లోనికి రానిదానిని మఱచితిమనుట న్యాయమా? అష్టావధానమున అప్రస్తుత ప్రసంగము చేయుట కొక్కరినే కూర్చుండబెట్టుదురు. గృహిణి చుట్టును ఇంటిల్లిపాదియు నా పనిమీదనే యుందురు.

కృష్ణపట్నమునకు సమీపమున నొక యింటి అత్తగారిని నేనెఱుగుదును. డెబ్బది దాటినవి. ఆమెకు కొంగున ముడి వేయు నలవాటు గలదు. ముడి నిలిచియుండును, దాని కారణము మాత్రము ఎగిరిపోవును. మధ్యాహ్నమునకు రెండు మూడు ముడులు పడి, కొంగు వలత్రాడువలె నుండెడిది. తుదకామె యొక యుపాయము పన్నినది. చింతపండు తేవలెనన్న ముడిలో చింతగింజ, పాలవాని బాకీ తీర్పవలెనన్న రూపాయిబిళ్ల, మందు వేసికొనవలెనన్న ఖాళీ మందుబిళ్లల రేకుముక్క. ఇప్పుడు ముడి విప్పిన జ్ఞాపకము చేతిలో పడును. ఒకనాడు ముడిలో నుత్త కఱివేపాకు రెబ్బ దొరికినది. కఱివేపాకు తేవలెనో, కఱివేపాకు తెమ్మన్న పొరుగామెకు బదులు చెప్పవలెనో తెలియక, దానిని పోపులో వేసి పని ముగించినది.

ఆ యింట నేను చూచిన యొక సంగతి చెప్పవలెను. అది చేపల పులుసు చేసిన దినము. మామిడికాయ ముక్కలతో మనవైపు చేయు పులుసు సంగతి మీకు చెప్పనేల? అత్తగారు ఉప్పు వేసి, కొంతసేపటికి మఱల వేసినది. రుచి చూచి మొగము చిన్నబుచ్చుకొని కూర్చున్నది. కోడలు ఏమియు అనలేదు. మఱికొంత చింతపులుసు పిండి, నాలుగు మామిడికాయ ముక్కలు చేర్చి, పెద్దగిన్నెలోనికి మార్చి, "అత్తా, చుట్టాలొస్తారని నీకు ముందే తెలిసినట్టుందే! పులుసు రెండిళ్లకు సరిపోతది" అన్నది. అత్తగారు ఫక్కున నవ్వినది. ఆనాటి పులుసు మూడిండ్లకు పంచిరి. గురునాథుడు కుమ్మరి సారెయొద్దనే పుట్టవలెనని నియమము లేదు.

ఇట్టిదే మఱియొక యింట జరిగిన, "నీకేం మతి గితి పోయిందా?" యను మాట వచ్చును. పిల్లలు నవ్వుదురు. నవ్వులో విషము లేకపోవచ్చును. కాని నాలుగుసారులు విన్నపిదప ఆ ముసలమ్మ వంటయింటికి రాదు, లెక్క చెప్పదు, నలుగురిలో మాటాడదు. వాడుకలేని బుద్ధి మఱింత మందగించును. ఆమెయే తన మఱపును చెప్పుకొని నవ్విన మనమును నవ్వవచ్చును. ఆమె నవ్వకమునుపు మనము నవ్వుట నాకు సమ్మతము కాదు.

అన్నిటిని నవ్వులో త్రోయుటయు మంచిది కాదు. ఇల్లలుకుచు తన పేరు మఱచిన ఈగ కథ మన కందఱకును తెలిసినదే. అవ్వ నడిగి, ఆమె కొడుకు నడిగి, గొడ్డలిని, చెట్టును, గుఱ్ఱమును అడిగి, తుదకు గుఱ్ఱపు కడుపులోని పిల్ల సకిలించి చెప్పిన పేరు విని సంతోషించినది. పని ముగియక, తన పేరు పిలుచువారు లేక బ్రదుకు గృహిణికి అది తగిన వేళాకోళమే. పి. సత్యవతిగారు "ఇల్లలకగానే" యను కథను దీనిమీదనే వ్రాసిరి. కాని 1901 లో జర్మనీ దేశపు ఫ్రాంక్‌ఫర్టు పట్టణమున ఏబదియొక్క యేండ్ల స్త్రీ నొకతెను వైద్యశాలకు తెచ్చిరి. పేరు వ్రాయుమనగా ఆమె మొదలుపెట్టి పూర్తిచేయలేకపోయెను. ఆమెను పరీక్షించిన అలోయిస్ అల్జీమరు అను వైద్యుడు, ఆమె మరణానంతరము 1906 లో ఆ వ్యాధిని లోకమునకు తెలిపెను. నేడది యాయన పేరుననే పిలువబడుచున్నది. ఆమెకు పేరు చెప్పుటకు గుఱ్ఱపుపిల్ల దొరకలేదు.

భేద మెట్లు తెలియును? పులుసులో రెండుసారులు ఉప్పు పడుట పరాకు. నలువదియేండ్లు చేసిన పులుసునకు ముందేమి వేయవలెనో, తరువాత నేమి వేయవలెనో తోచక గిన్నెవంక చూచుచు నిలుచుట వేఱు. పేరు సాయంకాలమునకు జ్ఞప్తికి వచ్చిన భయము లేదు. అడిగిన ప్రశ్ననే నిమిషములలో మఱల మఱల నడుగుట, తెలిసిన వీథిలో త్రోవ తప్పుట, డబ్బు లెక్క తాఱుమాఱగుట, స్వభావము మాఱుట కనబడినచో వైద్యుని చూడవలెను. చూపినంతనే గొప్ప వ్యాధియని బెదరనక్కఱలేదు. థైరాయిడు మందగించినను, బి12 విటమిను కొఱతపడినను, మనోవ్యథచేతను, నిద్రలేమిచేతను, కొన్ని నిద్రమందులచేతను మఱపు కలుగును. వీనికి చికిత్స గలదు. మాంసము, చేపలు ముట్టక, పాలు పెరుగులును తగ్గించిన వృద్ధురాండ్రు బి12 సంగతి ప్రత్యేకముగా నడుగవలెను. చెవి మందమేమో గూడ చూపవలెను. వినబడని మాటను మఱచినదని నింద వేయుచుందుము.

వెళ్లునపుడు వాడుచున్న మందులన్నియు సంచిలో వేసికొనిపోవుడు. వైద్యుడడిగినది ఆమెనే చెప్పనిండు. మీరు తరువాత చెప్పవచ్చును. అచ్చట నేమాసము, ఏ సంవత్సరమని యడుగుదురు. నాలుగైదు మాటలు చెప్పి, కొంతసేపాగి మఱల చెప్పుమందురు. గడియారపు బొమ్మ వేయుమందురు. బడికి పోనివారు బొమ్మ వేయలేకపోవుట వ్యాధి కాదు గనుక, చదువెంతయో ముందే వైద్యునకు తెలుపుడు.

పైని చెప్పిన అత్తగారిని 2024 నవంబరులో కోడలే వెంటబెట్టుకొనిపోయినది. సంవత్సరమేదని వైద్యుడడిగెను. మన తీరపు ముసలివారికి పంచాంగము సముద్రము వ్రాసినదే. 1984 నవంబరులో శ్రీహరికోటయొద్ద తీరము దాటిన తుపాను ఒక గుర్తు, 2004 డిసెంబరు 26 న సముద్రము పైకి వచ్చుట మఱియొక గుర్తు. ఉదయము తిన్నదేమో చెప్పలేనివారు ఆనాడు ఏ యింటి కప్పు ఎచ్చట పడెనో చెప్పగలరు. అత్తగారు కొంచెమాలోచించి, "పెద్ద గాలివాన వచ్చి ఈ నెలకు నలభై యేండ్లు నిండినాయి నాయనా, మీరే లెక్కేసుకోండి" అనెను. వైద్యుడు కాగితముమీద కూడి చూచుకొనెను.